పెంకుల మీది సాక్ష్యం

త్రిమూర్తులు మొదటిసారి మా ల్యాబుకు వచ్చినప్పుడు టేబులు మీద ఒక టిఫిన్ డబ్బా పెట్టి, మూత తీసి, "చూడండి మేడంగారూ, ఇందులో ఏదో ఒకటి మా అమ్మాయి పన్నయ్యుంటుందండి" అన్నాడు.

డబ్బాలో పెంకు ముక్కలు, ఎండిన పేడ, రెండు చింతగింజలు, ఒక కోడి ఎముక, ఒక తెల్లటి చొక్కా గుండీ ఉన్నాయి. పన్ను మాత్రం లేదు. గుండీని పట్టకారుతో ఎత్తి చూపించాను.

"ఇది నాదేనండి. పైకెక్కి వెతుకుతున్నప్పుడు ఊడిపోయుంటుంది" అన్నాడతను, పోయిన గుండీ దొరికినందుకు సంతోషిస్తూ.

నేను నవ్వాపుకున్నాను. అతని వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళకు ఆ అవసరమే రాలేదు. ఒకరు అతని భార్య హైమ. ఆమె ఒళ్ళో ఏడేళ్ళ కూతురు లహరి, రెండు పిడికిళ్ళూ బిగించుకుని, కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే అమ్మ చెయ్యి అడ్డుపెట్టుకుని కూర్చుంది. పిల్ల నడవలేదు. మాట నెమ్మది. బుర్ర మాత్రం పాదరసమని ఆ కళ్ళు చూస్తేనే తెలిసిపోయింది. రెండో ఆవిడ త్రిమూర్తులు తల్లి మంగాయమ్మ. గుమ్మం పక్క కుర్చీలో, కుర్చీ అరిగిపోతుందేమో అన్నట్టు అంచు మీద కూర్చుంది.

మా ల్యాబు విశాఖపట్నంలో కొండవాలున ఉంది. మేము చేసే పని ఒక్కటే, పాలపళ్ళు చదవడం. బిడ్డ కడుపులో ఉండగానే చిగుళ్ళ లోపల పాలపళ్ళు పెరగడం మొదలుపెడతాయి, రోజుకో పొర చొప్పున. పుట్టిన రోజు పొర మిగతావాటికన్నా ముదురు. ఆ పొరలను గంటగంటగా విడదీసి, బిడ్డకు ఎప్పుడు ఊపిరి అందిందో, ఎప్పుడు అందలేదో చెప్పే యంత్రం మా దగ్గర ఉంది. పన్నును అరగదీస్తూ చదువుతుంది కాబట్టి చివరికి చిటికెడు పిండి మిగులుతుంది. అందుకే దాన్ని మేము గానుగ అంటాం. ఒక పన్నును ఒక్కసారే చదవగలం.

ఈ ఉపన్యాసానికి చాలామంది ఆవులిస్తారు. త్రిమూర్తులు ఆవులించలేదు. అతను మండపేటలో కోడిగుడ్లు పొదిగించే హేచరీలో సూపర్వైజరు.

"మేమూ గుడ్డుని లైటు మీద పెట్టి చూస్తామండి, లోపల పిల్ల బతికుందో లేదోనని. అంతేనాండి?"

"అంతే. కాకపోతే మేము గుడ్డు పగలగొట్టి గానీ చూడలేం" అన్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాను, ఎవరికైనా ముందే చెప్పేస్తాను. గానుగ చెప్పింది చెప్పినట్టు మొత్తం రెండు పక్షాలకూ ఇవ్వాలి. మనకు పనికొచ్చే ముక్క ఉంచుకుని మిగతాది దాచడం కుదరదు. ఆసుపత్రుల తప్పులు పట్టుకోవడానికి ఈ యంత్రం కనిపెట్టామని మొదట్లో మహా గర్వపడ్డాం. తీరా చూస్తే అది ఎవరి తప్పయినా చెప్పేస్తుంది. ఒకసారి ఒక బిడ్డకు దెబ్బ ఇంటి దగ్గరే తగిలిందని తేలితే, ఆ మాట విన్న భర్త మా గేటు దగ్గరే భార్యను వదిలేసి బస్సెక్కి వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. అప్పట్నుంచి గానుగ తిరిగేటప్పుడు నేను మనుషుల ముఖాలు చూడను.

వాళ్ళ కథ హైమ చెప్పింది. నొప్పులు మొదలై పొద్దున్నే ఊళ్ళో నర్సింగ్ హోమ్‌కు వెళ్ళారు. ఉమ్మనీరు తగ్గింది, వెంటనే ఆపరేషన్ చేయాలంది డాక్టరు. చేసింది మాత్రం దీపాలు పెట్టే వేళకి. బిడ్డ ఏడవలేదు. అంబులెన్సులో కాకినాడ తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ నర్సింగ్ హోమ్ మీద వినియోగదారుల కోర్టులో వేసిన దావా ఏడేళ్ళుగా నడుస్తోంది. బిడ్డకు దెబ్బ ఇంటి దగ్గరే తగిలిందని నర్సింగ్ హోమ్ వాదన. కాదంటే ఇంకో వాదన తయారుగా ఉంది, ఆపరేషన్ ఆపమన్నది వాళ్ళ ఇంటివాళ్ళేనని.

"ఆపమన్నారా?" అడిగాను.

హైమ గుమ్మం వైపు చూడకుండా, "ఆ రోజు శుక్రవారమండి. పదిన్నరకి రాహుకాలం వస్తుంది, పోయేక తియ్యండి అన్నారు వాళ్ళ నానమ్మ. డాక్టరమ్మ సరేనని వేరే ఆసుపత్రికి ఎళ్ళిపోయేరు" అంది.

'వాళ్ళ నానమ్మ' అన్న మాట దగ్గర నాకు విషయం అర్థమైంది. మన ఇళ్ళలో కోపానికి ఒక పద్ధతి ఉంది. మాట్లాడటం మానేయరు, పిలవడం మానేస్తారు. 'మీ నానమ్మని భోజనానికి రమ్మను' అని పిల్లలతో చెప్పిస్తారు, ఆ నానమ్మ పక్కనే నిలబడి ఉన్నా సరే. ఏడేళ్ళుగా హైమ అత్తగారిని నోరారా పిలవలేదు.

"పన్ను ఊడితే దాచమని నెత్తీ నోరూ బాదుకుని చెప్పేనండి. నేను లాయరుగారి దగ్గరికెళ్ళి వచ్చేసరికి పేడలో పెట్టి పెంకుల మీదకి విసిరించేసేరు."

"మర్చిపోయేనమ్మా. పిల్ల సరదా పడింది" అంది మంగాయమ్మ చిన్నగా.

"మర్చిపోలేదండి" అంది హైమ నాతో. "పన్నేం చెప్తుందోనని భయం."

త్రిమూర్తులు డబ్బా మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. నేను లేచి లహరి నోరు తెరిపించి చూశాను. కింది వరసలో పోయిన పంటి పక్కదీ కదులుతోంది.

"ఇది కూడా పనికొస్తుంది" అన్నాను.

లహరి నోరు మూసేసింది. మాటలు ఒక్కొక్కటే కూడగట్టుకుని, "ఇది... ఇవ్వను. ఇదీ... పెంకుల మీదకే" అంది.

"ఎందుకమ్మా?"

"కొత్త పన్ను... రావద్దా?"

పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. వీధిలో పిల్లలు చేసే పనులన్నిటిలోనూ తను చేయగలిగింది అదొక్కటేనట, అదీ నానమ్మ చెయ్యి పట్టుకుంటే. బేరం మొదలైంది. పన్ను తిరిగి రాదని ఒప్పుకున్నాను, పొడి వస్తుందన్నాను. లహరి కాసేపు ఆలోచించి నానమ్మ వైపు తిరిగింది.

"పొడి... విసరొచ్చా?"

"ఎందుకు విసరకూడదే? పొడైతే ఇంకా తేలిగ్గా ఎగురుతుంది" అంది మంగాయమ్మ.

పన్ను ఇవ్వమని మనవరాలిని ఒప్పించింది ఆవిడేనన్న సంగతి ఆ గదిలో ఇంకెవరూ పట్టించుకున్నట్టు లేదు. నేను పట్టించుకున్నాను. కేసు పూర్తయ్యేదాకా పొడి సీలు వేసి ఉంచాలి, అయ్యాక నేనే తెచ్చిస్తానని లహరికి మాటిచ్చాను.

*

రెండో పన్ను కుంకుమ భరిణెలో వచ్చింది. దాన్ని హైమ బొడ్లో దోపుకుని బస్సులో తెచ్చింది. నలుగురూ వచ్చారు.

గానుగ తిరగడం మొదలయ్యాక చప్పుడేమీ ఉండదు, ఎక్కడో దూరంగా పిండిమర ఆడుతున్నట్టు చిన్న గరగర. తెర మీద ఒక గీత సాగుతూ పోతుంది. బిడ్డ సుఖంగా ఉన్నంతసేపూ గీత నున్నగా ఉంటుంది. ఊపిరి అందకపోతే రంపపు పళ్ళలా లేస్తుంది. నేను అలవాటు ప్రకారం తెరనే చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను.

"ఇది ముందు రోజు. బాగుంది. ఇది ఆ రోజు తెల్లవారుజాము. బాగుంది. మీరు ఆసుపత్రికి బయల్దేరిన వేళ ఇది. చాలా బాగుంది."

హైమ నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. "అంటే ఇంటి దగ్గర నా బిడ్డ బాగానే ఉందండీ?"

"బంగారంలా ఉంది."

ఏడేళ్ళుగా నర్సింగ్ హోమ్ వాళ్ళు ఆమెను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు అన్నీ ఇన్నీ కావు. ఏం తిన్నావు, ఎక్కడ జారావు, ఏం మోశావు. వాటన్నిటికీ అక్కడితో జవాబు దొరికింది. ఆమె లహరి తల మీద గడ్డం ఆనించి ఏడ్చింది. ఏడవనిచ్చాను.

గీత నడుస్తూనే ఉంది. పదిన్నర దాటింది. పన్నెండు దాటింది. ఇంకా నున్నగానే ఉంది. భోజనాల వేళ దాటాక మొదటి వణుకు వచ్చింది. తరవాత గీత ఒక్కసారిగా లేచి, ఇక దిగలేదు. సాయంత్రం దాకా అలాగే రంపంలా నడిచింది. అంతసేపూ ఆ బిడ్డ గుండె చప్పుడు వినడానికి ఎవరూ వచ్చినట్టు లేదు.

త్రిమూర్తులు వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుని, "అయితే రాహుకాలంలో కూడా బాగానే ఉందాండి?" అన్నాడు.

"బాగానే ఉంది."

"అమ్మా, విన్నావా? నీ వల్ల కాదే! నీ వల్ల కాదు!"

కొడుకు సంతోషంలో మంగాయమ్మ పాలుపంచుకోలేదు. కుర్చీ అంచు మీంచి లేచి వచ్చి తెర ముందు నిలబడింది. ఆ నున్నటి భాగం మీద వేలు పెట్టింది.

"అంటే మేడంగారూ, ఇదిగో, ఇక్కడే తీసేసుంటే పిల్లకేమీ కాకపోనుకదండీ?"

ఆసుపత్రి లాయరు ఎంత ఫీజు తీసుకున్నా ఇంతకన్నా సూటిగా అడగలేడు. అబద్ధమాడాలని అంతకు ముందెప్పుడూ నాకు అంతగా అనిపించలేదు.

"అవునమ్మా" అన్నాను.

ఆవిడ తలాడించింది. ముందే తెలిసిన సంగతి విన్నట్టు నెమ్మదిగా వెనక్కి వెళ్ళి కూర్చుంది. హైమ గోడ వైపు తిరిగిపోయింది. గుక్కెడు నీళ్ళు తాగుదామనుకున్నాను గానీ సీసా ఎక్కడ పెట్టానో కనిపించలేదు.

గానుగ ఆగదు. పన్ను ఉన్నంతవరకూ చదవాల్సిందే. పుట్టిన క్షణం దాటి తరవాతి రోజుల్లోకి వెళ్ళింది. అద్దాల పెట్టెలో ఉన్న పిల్లల రోజులు నేను చాలా చదివాను. సూదులు, గొట్టాలు, దీపాల వెలుగు. గీత ముళ్ళకంపలా ఉంటుంది. లహరిదీ అలాగే ఉంది. కాని ఆ ముళ్ళకంప మధ్య, మొదటి రోజు ఒక చోట, గీత ఉన్నట్టుండి నున్నగా అయింది. మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇలాంటి చోట్లు నాకు తెలుసు. తల్లి వచ్చి ముట్టుకున్నప్పుడు అలా అవుతుంది.

"హైమా, పాపను పెట్టెలో ఉంచినప్పుడు రోజూ వెళ్ళి చూసేదానివా?" అన్నాను, ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందని.

ఆమె ఇటు తిరిగింది. "నేనెక్కడండి? కుట్లు చీము పట్టి నేను మండపేటలోనే పడున్నాను. ఇంటికి తెచ్చేదాకా నా బిడ్డ మొహం నేను చూళ్ళేదు."

"మరి మీరు?"

"నన్ను రానివ్వలేదండి. మగాళ్ళని రానివ్వరంట. నేను బయట మెట్ల మీదే" అన్నాడు త్రిమూర్తులు.

అందరం ఒకేసారి మంగాయమ్మను చూశాం. ఏదో దొంగతనం బయటపడ్డట్టు ఆవిడ ముడుచుకుపోయింది.

"ఆ నర్సమ్మ మంచిదండి. చేతులు కడిగించి రానిచ్చేది. పెట్టెకి కన్నం ఉంటుంది కదండి, అందులోంచి వేలు పెడితే ఇది పట్టుకునేది. అప్పుడూ ఇలాగే గుప్పిట బిగించే ఉండేది. వేలు దూరిస్తే కాసేపటికి వదులయ్యేది."

"ఎందుకు చెప్పలేదే ఇన్నాళ్ళూ?" అన్నాడు త్రిమూర్తులు.

"చెప్పుకోడానికి అదేవైనా ఘనకార్యమేంట్రా? కన్నతల్లి చూసుకోలేని బిడ్డని నేను చూసొచ్చేనని ఏ మొహం పెట్టుకు చెప్పను?"

"అక్కడ కూర్చుని ఏం చేసేవారమ్మా?" అన్నాను. "పాట పాడేవారా?"

"పాటలా? నాకేం వచ్చునండి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "క్షమించమని అడిగేదాన్ని. పొద్దుటా సాయంత్రం. అంతే."

తెర మీద ఆ నున్నటి ముక్కలు ఒకదాని తరవాత ఒకటి వస్తూనే ఉన్నాయి. పసిగుడ్డుకు మాటలు తెలియవు. పంటికి అసలే తెలియవు. ఎవరో వచ్చారు, వేలు ఇచ్చారు, అంతే తెలుసు. ఇన్ని వందల పళ్ళు చదివిన నేను ఆ రోజు తెర ముందు కూర్చుని ఏడ్చాను. నా నియమం కూడా తప్పాను. తల తిప్పి హైమ ముఖం చూశాను.

హైమ అత్తగారినే చూస్తోంది. కాసేపటికి లహరిని ఎత్తుకెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టి, మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళింది.

*

రెండు రోజులకు వాళ్ళ లాయరు భానోజీగారు నాకు ఫోను చేశారు. నేను పంపిన రిపోర్టు చూసి నర్సింగ్ హోమ్ వాళ్ళు బేరానికి వచ్చారట. పంటి రిపోర్టు కోర్టులో పెట్టకుండా ఉంటే ఎంతో కొంత ఇచ్చి ముగించేస్తామంటున్నారు. ఆ ఇచ్చేది లహరికి రెండేళ్ళ వ్యాయామాలకు కూడా చాలదు. రిపోర్టు పెడితే గెలిచే అవకాశం ఉంది, కాని ఆలస్యానికి మూలం మీరేనని మంగాయమ్మను బోనెక్కించి నలుగురిలో అడుగుతారు.

"హైమ ఏమంటోంది?" అన్నాను.

"అదేనండి నాకు అంతుబట్టడం లేదు. వచ్చింది తీసేసుకుందాం అంటోంది. ఆవిడని బోనులో నిలబెట్టనంటోంది. ముసలావిడేమో బోనెక్కుతానని పట్టు. 'నేనన్నమాట నేనే చెప్పుకుంటాను, నా పరువు కోసం పిల్ల నడక అమ్మేస్తారా' అని అన్నం మానేసి కూర్చుంది. నా సర్వీసులో సాక్షులు పారిపోవడం చూశాను గానీ నిరాహారదీక్ష చేయడం ఇదే మొదలు."

మంగాయమ్మే గెలిచింది.

కాకినాడ కోర్టులో ముందు నా సాక్ష్యం అయింది. తరవాత ఆవిడను పిలిచారు. ఉతికిన నేత చీర కట్టుకుని వచ్చింది. బోనులో కూడా ఒక పక్కకే నిలబడింది. నర్సింగ్ హోమ్ లాయరు మర్యాదగానే మొదలుపెట్టాడు.

"రాహుకాలం పోయేదాకా ఆపరేషన్ ఆపమని మీరు అడిగారా, లేదా?"

"అడిగేనండి."

"డాక్టరు వెంటనే చేయాలని చెప్పాక కూడా?"

"చెప్పేకే అడిగేనండి. పన్నెండయ్యేక మా అబ్బాయెళ్ళి డాక్టరమ్మ ఏరని అడిగేడు. వస్తున్నారన్నారు. భోజనాలయ్యేక అడిగేడు. వస్తున్నారన్నారు. దీపాలెట్టేదాకా వస్తూనే ఉన్నారండి."

"సాయంత్రం సంగతి తరవాత. ఆలస్యం మొదలైంది మీ వల్లే. ఒప్పుకుంటారా?"

భానోజీగారు లేవబోయారు. మంగాయమ్మ ఆయన్ని చెయ్యి ఊపి కూర్చోమంది.

"ఒప్పుకుంటానండి. నేను చదువుకోలేదు బాబూ. భయమేసింది, అడిగేను. 'కుదరదు, బిడ్డకి ప్రమాదం' అని ఆ డాక్టరమ్మ ఒక్క కసురు కసిరుంటే నోరు మూసుకుందును. మా ఇంట్లో అందరూ నన్ను కసురుతారండి, నాకలవాటే. కాఫీలో పంచదార ఎక్కువేస్తే కసురుతారు, టీవీ సౌండు పెంచితే కసురుతారు. నా జన్మకి నా మాట విన్నది ఆవిడొక్కత్తేనండి. ఏం చెయ్యను?"

వెనక బల్లల మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. లాయరు కాగితాలు తిరగేసి, ఇక ప్రశ్నలు లేవన్నాడు.

తీర్పు వచ్చేసరికి వర్షాకాలం వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళ భయాన్ని ఓర్పుగా వినడం డాక్టరు మర్యాద, ఆ భయానికి బిడ్డను అప్పగించడం మాత్రం డాక్టరు తప్పు అని జడ్జిగారు రాశారు. పన్నెండు తరవాత రాకపోవడం, బిడ్డను కనిపెట్టి చూడకపోవడం అంతకన్నా పెద్ద తప్పన్నారు. లహరికి జీవితమంతా వైద్యానికి, చదువుకు సరిపడేలా నష్టపరిహారం ఇమ్మన్నారు. ఫోనులో భానోజీగారు చదువుతుంటే గానుగ పక్కన నిలబడి విన్నాను. ఆ యంత్రం మీద నాకు మళ్ళీ కొంచెం ప్రేమ కలిగింది.

*

ఇచ్చిన మాట ప్రకారం పొడి తీసుకుని మండపేట వెళ్ళాను. వీధి చివర చిన్న పెంకుటిల్లు. కొత్తగా ముందు మెట్లు తీసేసి చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుగా సిమెంటు చేయించారు. దాని మీద ఒక కోడి ఎక్కుతూ జారుతూ ఆడుకుంటోంది. లహరి వాకిట్లో ఎదురుచూస్తోంది.

"తెచ్చావా?"

"తెచ్చాను."

గుడ్డ కట్టిన సీసాను హైమ నా చేతిలోంచి తీసుకుని, కూతురి కుడి పిడికిలి మెల్లగా విప్పి, అందులో ఆ చిటికెడు పొడి పోసింది. పిడికిలి మళ్ళీ బిగుసుకుంది. పట్టుకోవడం లహరికి వచ్చు. వదలడమే కష్టం. ఎంత ప్రయత్నిస్తే వేళ్ళు అంత బిగుస్తాయి. హైమ కూతుర్ని ఎత్తుకుని చూరు దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్ల మొహం ఎర్రబడింది. గుప్పిట తెరుచుకోలేదు.

మంగాయమ్మ దూరంగా, అరుగు మీద, అంచునే కూర్చుని ఉంది. తీర్పు వచ్చినా ఆవిడ కూర్చునే తీరు మారలేదు.

హైమ అటు తిరిగింది. "అత్తయ్యా" అంది.

మంగాయమ్మ ఎవరినో పిలుస్తున్నారనుకున్నట్టుంది, వెనక్కి చూసింది.

"మిమ్మల్నే అత్తయ్యా. వేళ చూసి చెప్పరా? మంచి టైము ఉందో లేదో?"

లహరి పుట్టిననాటి నుంచి మంగాయమ్మ పంచాంగం ముట్టుకోలేదని, క్యాలెండరు వైపు కూడా చూడదని త్రిమూర్తులు నాకు అంతకు ముందే చెప్పాడు. ఆవిడ కోడలి ముఖంలోకి చూసింది. అక్కడ కోపం లేదు. ఏడుపు ఉంది, దాని వెనక కాస్త వేళాకోళం ఉంది.

మంగాయమ్మ లేచి వచ్చింది. చీర చెంగుకు వేలు తుడుచుకుని, మనవరాలి గుప్పిట సందులోకి దూర్చింది. బలవంతపెట్టలేదు. ఊరికే అలా ఉంచింది.

"ఇది గుప్పిట తెరిచినప్పుడే మంచి టైమమ్మా" అంది. "దానికి నేనెవర్ని చెప్పడానికి?"

మేం నిలబడ్డాం. కోడి కూడా జారడం మానేసి చూసింది. కాసేపటికి లహరి వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి, చిటికెన వేలు ముందు.

పొడి ఎగిరింది. పెంకుల మీద పడింది కొంచెమే. మిగతాదంతా గాలికి మా తలల మీదే పడింది. లహరి పెద్దగా నవ్వింది. కింది వరసలో రెండు కొత్త పళ్ళు అప్పటికే చిగుళ్ళు చీల్చుకుని కనిపిస్తున్నాయి. ఒకటి కొంచెం వంకరగా వస్తోంది. ఈసారి పేడ పెట్టలేదు కదా, అందుకేనని మంగాయమ్మ తేల్చింది. ఊరుకోండి అత్తయ్యా అని హైమ కసిరింది.